బెంగళూరు నుంచి శాన్‌ఫ్రాన్సిస్కో ఎంత దూరం?

2021 జనవరి 9, శనివారం రాత్రి ఎనిమిదిన్నరకు శాన్‌ఫ్రాన్సిస్కోలో ఒక ఎయిరిండియా విమానం బయలుదేరింది. 11వ తేదీ సోమవారం తెల్లవారుజామున 3:45 ప్రాంతంలో మన దేవనహళ్లి ఎయిర్‌పోర్టులో దిగింది. నడిపిన నలుగురు పైలట్లూ ఆడవాళ్లే. కెప్టెన్లు జోయా అగర్వాల్, పాపగారి తన్మయి, ఆకాంక్ష సోనవరే, శివానీ మన్హాస్. రెండో పేరు దగ్గర మన తెలుగు చెవులు కాస్త నిక్కపొడుచుకుంటాయనుకోండి!

శనివారం ఎక్కి సోమవారం దిగారు కదా, మరి ఎన్ని గంటల ప్రయాణం? రెండు ఊళ్ల గడియారాలు చూసి తీసివేస్తే 31 గంటల 15 నిమిషాలు వస్తుంది. అది తప్పు. చలికాలంలో మన టైము వాళ్లకంటే 13 గంటల 30 నిమిషాలు ముందుంటుంది. అది తీసేస్తే మిగిలేది 17 గంటల 45 నిమిషాలు. ఆదివారమంతా ఆకాశంలోనే అయిపోయింది, అంతే. అదే ఇక్కడ మధ్యాహ్నం రెండున్నరకు ఎక్కి 16 గంటలు ఎగిరితే, అక్కడ దిగేసరికి అదే రోజు సాయంత్రం ఐదు! వేసవిలో వాళ్లు గడియారం ఒక గంట ముందుకు జరుపుతారు కాబట్టి తేడా పన్నెండున్నర గంటలే.

ఇక దూరం. గోడమీది మ్యాపు చూస్తే అమెరికాకు అడ్డంగా, పడమరకో తూర్పుకో పోవాలనిపిస్తుంది. మ్యాపును పక్కనపెట్టి జాగ్రఫీ వాళ్ల గ్లోబు తెచ్చుకోండి. బెంగళూరు మీద దారం ఒక కొస పెట్టి, రెండోది శాన్‌ఫ్రాన్సిస్కో మీద పెట్టి బిగించి లాగండి. దారం ఉత్తరానికి జరిగి ధ్రువం దాపునుంచి పోతుంది. ఎందుకంటే మనం 77 డిగ్రీల తూర్పు రేఖాంశం దాటి ఉన్నాం, వాళ్లు 122 డిగ్రీల పడమర రేఖాంశం దాటి ఉన్నారు. భూగోళానికి ఇంచుమించు ఇటువైపు మనం, అటువైపు వాళ్లు. ఆ దారం పొడవు సుమారు 14,000 కిలోమీటర్లు. ఆ రాత్రి విమానం వచ్చింది ఉత్తర ధ్రువం మీదుగానే.

మరి ఎప్పుడూ అదే దారిలో పోరా? పోరు. పది కిలోమీటర్ల ఎత్తున పడమటి నుంచి తూర్పుకు పెద్ద గాలి వీస్తుంటుంది, దాన్ని జెట్ స్ట్రీమ్ అంటారు. అమెరికా వెళ్లేటప్పుడు పసిఫిక్ సముద్రం మీదుగా పోతే దూరం పెరిగినా ఆ గాలి వెనకనుంచి తోస్తుంది, టైము కలిసొస్తుంది. తిరుగు ప్రయాణంలో అదే గాలి ఎదురొస్తుంది. అప్పుడు ధ్రువం దారి నయం.

నయమే కానీ సులువు కాదు. అయస్కాంత ధ్రువం దగ్గర మామూలు దిక్సూచి నమ్మకానికి పనికిరాదు, వేరే పరికరాలతో దిక్కు తెలుసుకోవాలి. విమానాల్లో వాడే ఇంధనం సుమారు మైనస్ 40 డిగ్రీలకు గడ్డకట్టడం మొదలవుతుంది, అందుకని ట్యాంకులో వేడి ఎంతుందో కనిపెడుతుండాలి. అవసరమైతే దిగడానికి దగ్గర్లో ఎయిర్‌పోర్టులు చాలా తక్కువ. అన్ని గంటలు ఇద్దరే నడపలేరు కనుక నలుగురు వంతులవారీగా నిద్రపోతారు.

కూతురి పురిటికని అమెరికా బయల్దేరే మన అమ్మలకు దూరం ఒక లెక్క కాదు. ఫ్రాంక్‌ఫర్ట్‌లోనో దుబాయ్‌లోనో దిగి, భాష రాకుండా, ఇంకో విమానం గేటు వెతుక్కోవడమే వాళ్ల భయం. ఇక్కడ ఎక్కి అక్కడే దిగే విమానమైతే ఆ భయం ఉండదు. వాళ్లను తీసుకురావడానికి దేవనహళ్లి వెళ్లేవాళ్లు మాత్రం టికెట్‌లో ఎక్కే తేదీ కాదు, దిగే తేదీ చూసుకోవాలి.