హిమగిరి చిత్రకారుడు రోరిక్

పూలతోటను చూచినప్పుడు మనకు ఆనందం కలుగుతుంది, భయం కలుగదు. మంచు కప్పిన మహాశిఖరం ఎదుట నిలిచినవానికి ఆనందమూ భయమూ ఏకకాలంలో కలుగుతాయి. ఈ అనుభూతినే పాశ్చాత్యులు ‘సబ్లైమ్’ అన్నారు. మన ఆలంకారికులు విస్మయాన్ని అద్భుతరసానికీ, భయాన్ని భయానకరసానికీ స్థాయీభావాలుగా వేరువేరుగా నిరూపించారు. అవి రెండూ ఒకే హృదయంలో సంగమించే ఘట్టం భగవద్గీత పదకొండవ అధ్యాయంలో ఉన్నది. విశ్వరూపాన్ని చూచి అర్జునుడు మొదట పులకించి నమస్కరించాడు. పిమ్మట వణకి, తనకు పరిచితమైన రూపాన్నే చూపుమని వేడుకున్నాడు.

ఈ భావాన్ని రంగులలో సాధించిన మహనీయుడు నికొలస్ రోరిక్. ఆయన 1874లో రష్యాలోని సెయింట్ పీటర్స్‌బర్గ్ నగరంలో జన్మించాడు. 1923లో సకుటుంబంగా భారతదేశానికి వచ్చి, డార్జిలింగ్‌లో నివసిస్తూ కాంచనగంగను చిత్రించాడు. 1925లో మధ్య ఆసియా యాత్రకు బయలుదేరాడు. 1927-28 శీతకాలంలో టిబెట్ అధికారులు ఆయన బృందాన్ని పీఠభూమిపై సుమారు ఐదు నెలలు ముందుకు సాగనీయలేదు. వేసవి గుడారాలలోనే ఆ ఘోరమైన చలిని భరించవలసి వచ్చింది. బృందంలో కొందరు మరణించారు. పశువులు అనేకం నశించాయి. అయినా ఆయన పర్వతాన్ని శత్రువుగా చిత్రించలేదు. అదే సంవత్సరం కులూ లోయలోని నగ్గర్ గ్రామంలో స్థిరపడి, 1947లో అక్కడే తనువు చాలించాడు.

ఆయన టెంపెరా రంగులను విశేషంగా వాడాడు. వాటికి తైలవర్ణాల మెరుపు ఉండదు. అందువల్ల నీలి, ఊదా శిఖరాలు లోపలినుండి వెలుగుతున్నట్లు తోస్తాయి. అనేక చిత్రాలలో మనిషి ఒక మూల చిన్న ఆకారంగా కనిపిస్తాడు. ఆ చిన్నతనం అవమానం కాదు, వినయం.

నేను కుమారసంభవ ప్రథమసర్గను చాలా ఏండ్లు పాఠం చెప్పినవాడను. అందులో కాళిదాసు హిమాలయాన్ని దేవతాస్వరూపంగా వర్ణించి, బ్రహ్మదేవుడు ఆ గిరికి యజ్ఞభాగాన్ని కల్పించాడని చెబుతాడు. రోరిక్ చిత్రాలను చూచినప్పుడు ఆ శ్లోకాలకు వ్యాఖ్యానం చదివినట్లే నాకు అనిపించింది.

మన తెలుగునేలతోనూ ఆ కుటుంబానికి బంధమున్నది. ఆయన కుమారుడు, చిత్రకారుడు స్వెతొస్లావ్ 1945లో వివాహమాడిన నటీమణి దేవికారాణి విశాఖపట్నంలోని వాల్తేరులో జన్మించింది.

కళానిలయాలనూ విద్యాలయాలనూ ప్రాచీన కట్టడాలనూ యుద్ధకాలంలోనూ శాంతికాలంలోనూ కాపాడాలని రోరిక్ ఉద్యమించాడు. తత్ఫలితంగా 1935 ఏప్రిల్ 15న వాషింగ్టన్‌లో ‘రోరిక్ ఒడంబడిక’పై అమెరికా ఖండ దేశాలు సంతకాలు చేశాయి. జీర్ణోద్ధరణకు ద్రవ్యమిచ్చే దాతలు ఈ విషయాన్ని గమనింతురుగాక. పాత కుడ్యచిత్రంపై సున్నం వేయించడం ఉద్ధరణ కాదు. తరతరాల భక్తిని చెరిపివేయడమే.

యాత్రికులకు నా మనవి ఒకటే. కొండపై క్షేత్రానికి వెళ్ళేటప్పుడు దారిని శ్రమగా మాత్రమే తలచవద్దు. చేతిలోని ఫోను పక్కన పెట్టి, ఒక మలుపులో నిలిచి కొండను కన్నులారా చూడండి. తన చిన్నతనం తెలిసిన మనస్సుతో గర్భాలయంలో అడుగుపెట్టినవాని నమస్కారానికి నిండుదనం వస్తుంది. అట్లా కొండను చూచినవాడు దానిపై చెత్త పారవేయడు.