భారతదేశంలో కేబుల్ టీవీ రుసుము

కేబుల్ టీవీ రుసుము అనగా ఇంటికి తీగ ద్వారా వచ్చే టెలివిజన్ ప్రసారాల కొరకు వీక్షకుడు కేబుల్ ఆపరేటరుకు ప్రతినెలా చెల్లించే మొత్తం. 1990వ దశకంలో భారతదేశంలో ఈ చెల్లింపు మొదలైనపుడు ఆపరేటరు చెప్పినదే ధర. 2019 ఫిబ్రవరి నుండి ఏ ఛానెళ్లు కావాలో వీక్షకుడే ఎంచుకొని, వాటికి మాత్రమే డబ్బు చెల్లించే పద్ధతి అమలులోకి వచ్చింది. అయితే ఈ హక్కు వినియోగించుకున్నవారికే ఉపయోగపడుతుంది. ఎంపిక చేసుకోని కుటుంబాలు తాము ఎన్నడూ చూడని ఛానెళ్లకు కూడా రుసుము చెల్లిస్తూ ఉంటాయి. రుసుము ఏ విధంగా ఏర్పడుతుంది, దానిని ఎలా తగ్గించుకోవచ్చును, కేబుల్‌కు బదులుగా ఉన్న చౌక మార్గాలు మరియు వాటి పరిమితులు ఏమిటి అనే విషయాలు ఈ వ్యాసంలో వివరించబడ్డాయి.

చరిత్ర

1991లో గల్ఫ్ యుద్ధ వార్తలను ఉపగ్రహం ద్వారా చూపడంతో భారతీయ నగరాలలో కేబుల్ టీవీకి ఆదరణ మొదలైంది. 1992లో జీ టీవీ, 1995లో తెలుగులో జెమిని టీవీ, ఈటీవీ ప్రారంభమయ్యాయి. అప్పటివరకు దూరదర్శన్ మాత్రమే చూసిన తెలుగు కుటుంబాలు ఈ ఛానెళ్ల కొరకు కేబుల్ కనెక్షన్ తీసుకున్నాయి. ఈ వ్యాపారాన్ని నియంత్రించడానికి 1995లో కేబుల్ టెలివిజన్ నెట్‌వర్క్‌ల (నియంత్రణ) చట్టం చేయబడింది.

ఆ కాలపు అనలాగ్ పద్ధతిలో తీగలో వచ్చిన ఛానెళ్లన్నీ ఇంట్లో అందరికీ కనిపించేవి. ఒక ఇంటికి కొన్ని ఛానెళ్లు మాత్రమే ఇవ్వడానికి సాంకేతికంగా వీలు లేనందున అందరూ ఒకే మొత్తం చెల్లించవలసి వచ్చేది. దీనికి పరిష్కారంగా షరతులతో కూడిన ప్రసార విధానం 2003లో చెన్నైలోనూ, 2006 డిసెంబరు 31 నుండి ఢిల్లీ, ముంబై, కోల్‌కతా నగరాల లోని కొన్ని ప్రాంతాలలోనూ అమలు చేయబడింది. ఇది దేశమంతటా విస్తరించలేదు.

2011లో చట్టాన్ని సవరించి కేబుల్ ప్రసారాలన్నింటినీ దశల వారీగా డిజిటల్ పద్ధతికి మార్చాలని నిర్ణయించారు. రెండవ దశలో ఉన్న 38 నగరాలలో హైదరాబాదు, విశాఖపట్నం కూడా ఉన్నాయి. వాటికి 2013 మార్చి 31 గడువుగా నిర్ణయించబడింది. చివరి దశ గడువు 2017 మార్చి 31. దీనితో ప్రతి టీవీకి ఒక సెట్ టాప్ బాక్సు తప్పనిసరి అయింది. ఖర్చు పెరిగిందని మొదట అనేకులు భావించినప్పటికీ, ఏ ఇంటికి ఏ ఛానెల్ అన్నది విడిగా నిర్ణయించే వీలు ఈ పెట్టె వలననే ఏర్పడింది.

రుసుము ఏర్పడే విధానం

2004 నుండి ప్రసార రంగం భారత టెలికాం నియంత్రణ సంస్థ (ట్రాయ్) పరిధిలో ఉన్నది. ఆ సంస్థ 2017 మార్చిలో ప్రకటించిన కొత్త ధరల విధానాన్ని 2018 అక్టోబరులో సుప్రీంకోర్టు సమర్థించింది. 2019 ఫిబ్రవరి 1 నుండి వీక్షకులు ఈ విధానం లోనికి మారారు. దీని ప్రకారం నెల బిల్లులో మూడు భాగాలు ఉంటాయి.

1. నెట్‌వర్క్ సామర్థ్య రుసుము: ఇది తీగకు, సేవకు చెల్లించే మొత్తం. ఏ ఛానెల్ చూసినా, చూడకపోయినా దీనిని చెల్లించాలి. 2019లో దీని గరిష్ఠ పరిమితి 100 ఛానెళ్లకు 130 రూపాయలు. 2020లో అదే మొత్తానికి 200 ఛానెళ్లు ఇవ్వాలని నిర్దేశించారు. 2024 జూలైలో ట్రాయ్ ఈ గరిష్ఠ పరిమితిని తొలగించింది. అప్పటి నుండి ఈ రుసుమును ఆయా సంస్థలే నిర్ణయించి ప్రకటిస్తాయి.

2. చెల్లింపు ఛానెళ్ల ధర: ప్రతి చెల్లింపు ఛానెల్‌కు దాని యజమాని ఒక గరిష్ఠ చిల్లర ధరను ప్రకటిస్తారు. దానిని విడిగా తీసుకోవచ్చును, లేదా అనేక ఛానెళ్లు కలిపిన ప్యాక్‌గా తీసుకోవచ్చును. ఉచిత ఛానెళ్లకు ఈ ధర ఉండదు.

3. పన్ను: పై రెండింటి మొత్తంపై 18 శాతం వస్తు సేవల పన్ను ఉంటుంది.

ఉదాహరణకు 2019 నాటి నియమాల ప్రకారం ఒక కుటుంబం ఉచిత ఛానెళ్లతో పాటు 19 రూపాయల ఛానెళ్లు నాలుగు తీసుకుంటే, 130 రూపాయలకు 76 రూపాయలు కలిపి 206 రూపాయలు అవుతుంది. పన్ను 37.08 రూపాయలు. మొత్తం 243.08 రూపాయలు. చెల్లింపు ఛానెల్ ఒక్కటి కూడా తీసుకోని ఇంటికి అదే బిల్లు 153.40 రూపాయలు మాత్రమే.

ప్యాక్‌లు, విడి ఛానెళ్లు

2019లో 19 రూపాయల కంటే ఎక్కువ ధర గల ఛానెల్‌ను ప్యాక్‌లో చేర్చరాదనే నియమం ఉండేది. అందువలన ఆదరణ గల ఛానెళ్లు అనేకం సరిగ్గా 19 రూపాయల ధరను ప్రకటించాయి. ఆ ఛానెల్‌తో పాటు మరికొన్ని చిన్న ఛానెళ్లను కలిపిన ప్యాక్‌ను మాత్రం విడి ధరల మొత్తం కంటే బాగా తక్కువకు ఇచ్చాయి. ఫలితంగా విడిగా ఎంచుకునే హక్కు కాగితంపై ఉన్నా, అధిక శాతం వీక్షకులు ప్యాక్‌లవైపే మొగ్గారు. ట్రాయ్ 2020 జనవరిలో ఈ పరిమితిని 12 రూపాయలకు తగ్గించింది. దానిపై వ్యాజ్యాలు నడిచిన తరువాత 2022 నవంబరులో మరల 19 రూపాయలుగా నిర్ణయించి, ప్యాక్‌పై ఛానెల్ యజమానులు ఇచ్చే తగ్గింపు 45 శాతం మించరాదని పేర్కొన్నది.

ప్యాక్ లాభమా, విడి ఛానెళ్లు లాభమా అన్నది ఆ ఇంట్లో చూసే ఛానెళ్ల సంఖ్యను బట్టి ఉంటుంది. ఎనిమిది ఛానెళ్ల ప్యాక్ ధర 45 రూపాయలు అనుకుంటే, వాటిలో 19 రూపాయల ఛానెళ్లు రెండు మాత్రమే చూసే ఇంటికి విడిగా తీసుకోవడం మేలు, ఎందుకనగా వాటి ధర 38 రూపాయలే. మూడు చూసే ఇంటికి విడి ధర 57 రూపాయలు కనుక ప్యాకే చౌక. ప్యాక్‌లో ఉన్న మిగిలిన ఛానెళ్ల సంఖ్య ఎంత పెద్దదైనా ఈ లెక్క మారదు.

ఖర్చు తగ్గించుకునే మార్గాలు

కనెక్షన్ మార్చకుండానే బిల్లు తగ్గించుకోవడానికి ఈ క్రింది పద్ధతులు ఉపయోగపడతాయి.

చూసే ఛానెళ్ల జాబితా: ఒక నెలపాటు ఇంట్లో ప్రతి ఒక్కరూ నిజంగా చూసిన ఛానెళ్ల పేర్లు వ్రాసుకోవాలి. సాధారణంగా ఈ జాబితా బిల్లులోని ఛానెళ్ల సంఖ్యలో కొద్ది భాగమే ఉంటుంది.

హెచ్‌డీ ఛానెళ్లు: ఒకే ఛానెల్ యొక్క సాధారణ, హెచ్‌డీ రూపాలకు వేర్వేరు ధరలు ఉంటాయి. 2019 నాటి నియమాల ప్రకారం ఒక హెచ్‌డీ ఛానెల్ రెండు సాధారణ ఛానెళ్లుగా లెక్కించబడేది. పాత టీవీ ఉన్న ఇంట్లో హెచ్‌డీ ప్యాక్ వలన ప్రయోజనం లేదు. రెండు రూపాలూ బిల్లులో ఉంటే ఒకటి తీసివేయవచ్చును.

రెండవ టీవీ: ఒకే ఇంట్లో రెండవ టీవీకి మొదటి దానికి తీసుకున్న ఛానెళ్లే తీసుకోవలసిన అవసరం లేదు. పెద్దల గదిలోని టీవీకి భక్తి, వార్తా ఛానెళ్లు మాత్రమే తీసుకోవచ్చును. ఒకే ఇంట్లోని అదనపు కనెక్షన్లకు సామర్థ్య రుసుములో రాయితీ ఉన్నదేమో ఆపరేటరును అడిగి తెలుసుకోవాలి.

తాత్కాలిక నిలుపుదల: నెల లేదా అంతకంటే ఎక్కువ కాలం ఊరిలో ఉండనివారు ముందుగా తెలిపి సేవను నిలిపివేయించుకోవచ్చును. పరీక్షల కాలంలో కూడా కొన్ని కుటుంబాలు ఇదే పద్ధతి పాటిస్తాయి.

దీర్ఘకాలిక చెల్లింపు: ఆరు నెలలకు లేదా సంవత్సరానికి ఒకేసారి చెల్లిస్తే అనేక సంస్థలు రాయితీ ఇస్తాయి. అయితే మధ్యలో సేవ మానివేస్తే మిగిలిన డబ్బు ఏమవుతుందో ముందుగా తెలుసుకోవడం అవసరం.

రసీదు: చెల్లించిన ప్రతిసారీ విడివిడి వివరాలతో రసీదు అడిగి తీసుకోవాలి. మొత్తం సంఖ్య మాత్రమే ఉన్న రసీదును చూసి అనవసరమైన ఖర్చు ఎక్కడ ఉన్నదో గుర్తించలేము.

డీడీ ఫ్రీ డిష్

నెలసరి రుసుము లేని మార్గాలలో అతి పెద్దది ప్రసార భారతి నిర్వహించే డీడీ ఫ్రీ డిష్. ఇది 2004 డిసెంబరులో డీడీ డైరెక్ట్ ప్లస్ పేరుతో 33 ఛానెళ్లతో ప్రారంభమైంది. ప్రసారాలు 93.5 డిగ్రీల తూర్పు స్థానంలోని జీశాట్-15 ఉపగ్రహం నుండి వస్తాయి. డిష్, పెట్టె కొనడానికి ఒకేసారి సుమారు 2,000 రూపాయలు ఖర్చు అవుతుంది. ఆ తరువాత చెల్లింపు ఉండదు. దూరదర్శన్ వారి సప్తగిరి, యాదగిరి ఛానెళ్లు ఇందులో లభిస్తాయి.

క్రీడాభిమానులకు ఇందులో ఒక ప్రత్యేక సౌకర్యం ఉన్నది. 2007 నాటి చట్టం ప్రకారం జాతీయ ప్రాముఖ్యం గల క్రీడల ప్రసారాలను ప్రైవేటు సంస్థలు ప్రసార భారతితో పంచుకోవాలి. ఆ ప్రసారాలు దూరదర్శన్ సొంత ప్రసార కేంద్రాలకు, ఫ్రీ డిష్‌కు మాత్రమే పరిమితం కావాలని 2017 ఆగస్టులో సుప్రీంకోర్టు తీర్పు చెప్పింది. అందువలన భారత జట్టు ఆడే కొన్ని క్రికెట్ మ్యాచ్‌లు ఫ్రీ డిష్‌లోని దూరదర్శన్ ఛానెల్‌లో కనిపిస్తాయి, కేబుల్‌లో వచ్చే దూరదర్శన్‌లో కనిపించవు.

దీని పరిమితులు కూడా గమనించదగినవి. ప్రైవేటు ఛానెళ్లు వేలంలో స్థానం పొంది ఇందులో చేరతాయి కనుక అవి శాశ్వతం కాదు. హిందీలో ఆదరణ గల కొన్ని వినోద ఛానెళ్లు 2019 మార్చిలో వైదొలగి, 2020లో తిరిగి వచ్చి, 2022 ఏప్రిల్‌లో మరల వైదొలగాయి. ఇందులోని ప్రైవేటు ఛానెళ్లలో హిందీవే అధికం. తెలుగు ధారావాహికలు, కొత్త సినిమాల కొరకు టీవీ చూసే ఇంటికి ఇది కేబుల్‌కు పూర్తి ప్రత్యామ్నాయం కాజాలదు. వార్తలు, పాఠాలు, క్రీడలు ప్రధానంగా చూసేవారికి, హిందీ అర్థమయ్యేవారికి మాత్రం ఇది ఎంతో ఉపయోగకరం. కొన్ని ఛానెళ్లు ఎంపెగ్-4 పద్ధతిలో వస్తాయి కనుక పెట్టె కొనేముందు అది ఆ పద్ధతికి పనికివస్తుందో లేదో చూసుకోవాలి.

ఇంటి కప్పుపై పాత యాంటెనా పెట్టి దూరదర్శన్ చూసే పద్ధతి నేడు దాదాపు అంతరించింది. ప్రసార భారతి 2022 నాటికి కొన్ని ముఖ్య ప్రదేశాలలో తప్ప అనలాగ్ ప్రసార కేంద్రాలను మూసివేసింది.

అంతర్జాలం ద్వారా వీక్షణ

2016 సెప్టెంబరులో జియో సేవలు ప్రారంభమైన తరువాత మొబైల్ డేటా ధరలు బాగా తగ్గాయి. అప్పటి నుండి అంతర్జాలంలో కార్యక్రమాలు చూసేవారి సంఖ్య వేగంగా పెరిగింది. 2020లో తెలుగు కార్యక్రమాల కొరకు ఆహా ప్రారంభమైంది. తెలుగు వార్తా ఛానెళ్లలో అనేకం తమ ప్రసారాలను యూట్యూబ్‌లో ఉచితంగా ఇస్తున్నాయి. కేవలం వార్తల కొరకు చెల్లింపు ప్యాక్ తీసుకునేవారు ముందుగా ఈ విషయాన్ని పరిశీలించవచ్చును. 2024 నవంబరులో ప్రసార భారతి వేవ్స్ అనే వేదికను ప్రారంభించింది.

ఆంధ్ర ప్రదేశ్‌లో 2017 డిసెంబరులో అప్పటి రాష్ట్రపతి రామ్‌నాథ్ కోవింద్ ప్రారంభించిన ఫైబర్‌నెట్ పథకం టీవీ, అంతర్జాలం, టెలిఫోను మూడింటినీ కలిపి నెలకు 149 రూపాయల ప్రారంభ ధరకు ప్రకటించింది. విద్యుత్ స్తంభాలపై తీగ వేసి, స్థానిక కేబుల్ ఆపరేటర్ల ద్వారానే ఇళ్లకు కనెక్షన్లు ఇవ్వడం దీని విశేషం. తరువాతి కాలంలో ధరలు మారాయి. అయినా మూడు బిల్లులను ఒకటిగా చేస్తే ఖర్చు తగ్గుతుందనే ఆలోచనకు ఇది మంచి ఉదాహరణ.

అంతర్జాల వీక్షణలో ఖర్చు కంటికి కనిపించకుండా పెరిగే అవకాశం ఉన్నది. సాధారణ నాణ్యతలో గంటకు సుమారు ఒక జీబీ, హెచ్‌డీలో సుమారు మూడు జీబీల వరకు డేటా ఖర్చవుతుంది. నలుగురు నాలుగు ఫోన్లలో చూస్తే నలుగురికీ డేటా కావాలి. ఒక్కొక్క వేదికకు విడిగా చందా ఉంటుంది. బ్యాంకు ఖాతా నుండి చందా దానంతట అదే మినహాయించబడే ఏర్పాటు ఉంటే, చూడటం మానివేసినా డబ్బు పోతూనే ఉంటుంది. అందువలన బ్రాడ్‌బ్యాండ్ ఖర్చు, అన్ని చందాలు కలిపి సంవత్సరానికి లెక్కించి కేబుల్ బిల్లుతో పోల్చాలి. ఒకేసారి అన్ని చందాలూ కట్టకుండా, ఒక నెల ఒకటి, మరొక నెల మరొకటి తీసుకోవడం చౌక పద్ధతి. తక్కువ ధరకు అన్ని ఛానెళ్లూ చూపుతామనే అనధికార పెట్టెలు, యాప్‌లు కాపీహక్కు చట్టానికి విరుద్ధం. అవి ఏ క్షణంలోనైనా నిలిచిపోవచ్చును, కట్టిన డబ్బు తిరిగి రాదు.

ప్రభావం

ఈ మార్పుల వలన చెల్లింపు టీవీ వినియోగం తగ్గుతున్నది. ట్రాయ్ లెక్కల ప్రకారం 2020 చివరిలో సుమారు 7 కోట్లుగా ఉన్న చెల్లింపు డీటీహెచ్ చందాదారుల సంఖ్య 2025 మార్చి నాటికి 6 కోట్ల లోపుకు చేరింది. ఊరిలో స్తంభాలెక్కి తీగలు సరిచేసే చిన్న కేబుల్ ఆపరేటర్ల ఉపాధిపై కూడా ఈ తగ్గుదల ప్రభావం ఉన్నది. వారిలో కొందరు బ్రాడ్‌బ్యాండ్ కనెక్షన్లు ఇచ్చే పనిలోనికి మారారు.

మరొకవైపు స్మార్ట్‌ఫోను వాడలేని వృద్ధులకు, అంతర్జాలం సరిగా అందని గ్రామాలకు టీవీయే వార్తలకు, వినోదానికి ప్రధాన ఆధారం. అటువంటి ఇంట్లో చందాలు తీసుకొని కేబుల్ తీసివేస్తే డబ్బు మిగలవచ్చును గాని, ఇంట్లో ఒకరికి చూడటానికి ఏమీ ఉండదు. ఖర్చు తగ్గించే ఏ పద్ధతి ఎంచుకున్నా, ఇంట్లో ఎవరు ఏమి చూస్తున్నారో తెలుసుకున్న తరువాతనే నిర్ణయించడం మంచిది.