పాత భవనములు – ఛాయాచిత్రములు

పాత భవనమునకు రెండు ఆయువులు గలవు. గోడలు నిలిచియున్నంత కాలము ఒకటి. అవి కూలిన పిమ్మట చిత్రమునందు నిలుచునది రెండవది. ఈ రెండవ ఆయువు ఛాయాగ్రాహకుని చేతిలో నున్నది.

ఇంగ్లండు గ్రామసీమలలో భూస్వాముల కుటుంబములు తరతరములుగా నివసించిన పెద్ద భవనములు, మేనరు గృహములు అనేకము లుండెడివి. మొదటి ప్రపంచయుద్ధానంతరము వారసత్వపు పన్నులు, మరమ్మతుల ఖర్చులు భరింపలేక యజమానులు వానిని విడిచిపెట్టిరి. ఇరువదవ శతాబ్దమున వందలకొలది భవనములు నేలమట్టమైనవి. 1974లో లండనులోని విక్టోరియా అండ్ ఆల్బర్ట్ మ్యూజియము ఈ నష్టమును గూర్చి ప్రదర్శన మేర్పరచినపుడు, పోయిన ఇండ్లకు సాక్ష్యము పలికినవి ఛాయాచిత్రములే.

అంతకుముందే, 1941లో, బాంబుల దాడులకు భవనములు కూలుచుండగా వాని చిత్రములను సేకరించుటకై నేషనల్ బిల్డింగ్స్ రికార్డు అను సంస్థ వెలసినది. రక్షిత జాబితాలోని భవనమును పడగొట్టుటకు అనుమతి లభించినను, దానిని నమోదు చేయుటకు కనీసము ఒక నెల గడువీయవలెనని ఇంగ్లండులో 1990 నాటి శాసనము విధించినది.

ఇట్టి చిత్రము అందముగా నున్న చాలదు, నిజము చెప్పవలెను. కెమేరాను పైకెత్తి పట్టినచో గోడలు వెనుకకు వాలినట్లు కనబడును. కావున దానిని నిటారుగా నుంచి, దూరము జరిగియో, ఎదుటి మేడ నెక్కియో చిత్రము తీయవలెను. ఉదయ సాయంకాలములందు ఏటవాలుగా పడు ఎండలో చెక్కడపు పని, ఇటుకల వరుసలు స్పష్టమగును. మిట్టమధ్యాహ్నమున చూరుక్రింద అంతయు చీకటియే. లోపలి గదులలో ఫ్లాషు వెలుగు సహజమైన నీడలను చెరచును. కెమేరాను స్టాండుపై నిలిపి, కటకపు రంధ్రమును చిన్నది చేసి, కొన్ని సెకండ్లపాటు వెలుతురును లోనికి రానిచ్చినచో దగ్గరి స్తంభము, దూరపు తలుపు రెండును చక్కగా వచ్చును.

ముఖద్వారముతోనే తృప్తిపడరాదు. కవి విలియం మారిస్ 1871 నుండి అద్దెకు తీసికొనిన కెల్మ్‌స్కాట్ మేనరును ఫ్రెడరిక్ ఎవాన్స్ 1896లో చిత్రించెను. అందు ప్రసిద్ధమైనది అటక చిత్రము. మొరటు దూలములు, వానిపై వెలుతురు – అంతకుమించి అందేమియు లేదు. అయినను ఆ ఇంటి వడ్రంగుల పనితనము అందు గోచరించును. అటకయు, వంటయిల్లును, పెరటి గోడయు ఇంటి చరిత్రలో భాగములే.

మన మండువా లోగిళ్లకును ఈ పద్ధతియే వర్తించును. మండువాలో వెలుగు మెండు, చుట్టు వసారాలలో చీకటి; ఈ రెంటిని ఒక్క చిత్రమున ఇముడ్చుట కష్టము గనుక, వేర్వేరుగా తీయుట మేలు. స్తంభము ప్రక్కన కొలబద్ద నుంచినచో దాని ఎత్తు తెలియును. ప్రతి చిత్రమునకు ఊరు, తేదీ, ఏ దిక్కునుండి తీసినది వ్రాసి యుంచవలెను. ఖరీదైన కెమేరా లేకున్నను చేతిఫోను చాలును. ఇల్లు అమ్మకమునకు వచ్చిన పిదప గాక, పెద్దలు ఇంకను అరుగుమీద కూర్చుండి ఏ గది ఎవరిదో చెప్పగలిగిన నాడే ఈ పని చేయదగినది.