షేకీకి చెప్పనక్కర్లేని సంగతులు

1966లో కాలిఫోర్నియాలోని మెన్లో పార్కులో, స్టాన్‌ఫర్డ్ రీసెర్చ్ ఇన్‌స్టిట్యూట్ వాళ్లు ఒక రోబో తయారీకి దిగారు. బృందానికి పెద్ద చార్లెస్ రోసెన్. డబ్బు పెట్టింది అమెరికా రక్షణ శాఖకు చెందిన పరిశోధన సంస్థ ‘ఆర్పా’. తయారైన యంత్రం చూపులకు ఏమంత గొప్పగా ఉండదు. చక్రాల బండి, దానిమీద ఎలక్ట్రానిక్ పెట్టెలు, పైన టీవీ కెమెరా, దూరం కొలిచే పరికరం, దేన్నైనా తగిలితే తెలిసేలా చుట్టూ సన్నని తీగలు. కదిలితే చాలు, ఒళ్లంతా వణికేది. అందుకే ‘షేకీ’ అన్నారు. మెదడు దాని ఒంట్లో లేదు. వేరేచోట ఉన్న పెద్ద కంప్యూటరుతో రేడియోలో మాట్లాడుకునేది.

1970లో ‘లైఫ్’ పత్రిక దీన్ని మొట్టమొదటి ఎలక్ట్రానిక్ మనిషిగా లోకానికి పరిచయం చేసింది. అది పత్రికల సహజ ఉత్సాహం. ఆ మనిషి తిరిగింది కొద్దిపాటి గదుల్లో. గోడకూ నేలకూ తేడా కెమెరాకు తెలియాలని గోడల అడుగున ముదురు రంగు పట్టీ వేసి పెట్టారు. వస్తువులంటే రంగు వేసిన దిమ్మెలూ, ఏటవాలు చెక్కలూ.

అయితే షేకీ అసలు విశేషం చక్రాల్లో లేదు. ‘వేదిక మీదున్న దిమ్మెను కిందికి తోసెయ్’ అంటే చాలు, ఎలాగో చెప్పనక్కర్లేదు. వేదిక మీదికి ఎక్కాలి, ఎక్కాలంటే వాలు చెక్క కావాలి, అది మరోచోట ఉంది, ముందు దాన్ని తోసుకురావాలి అని తనే లెక్క వేసుకునేది.

ఈ లెక్కకు పునాది తర్కం. లోకజ్ఞానాన్ని తర్క వాక్యాలుగా రాసి యంత్రానికి ఇవ్వవచ్చని కృత్రిమ మేధ పరిశోధకుడు జాన్ మెకార్తీ 1950ల చివరి నుంచీ చెబుతున్నాడు. 1965లో అలన్ రాబిన్సన్ యంత్రాలకు అనువైన నిరూపణ పద్ధతి కనిపెట్టాడు. 1969లో కార్డెల్ గ్రీన్ ఈ రెంటినీ కలిపి అందమైన పని చేశాడు. ‘కోరిన లక్ష్యం నెరవేరిన స్థితి ఒకటి ఉంది’ అని నిరూపించమని యంత్రాన్ని అడిగాడు. నిరూపణ పూర్తయ్యేసరికి, ఏ పని తర్వాత ఏ పని చేస్తే ఆ స్థితి వస్తుందో అందులోంచే బయటపడేది. ప్రణాళిక అంటే నిరూపణే అన్నమాట.

చిక్కు వచ్చింది అనుకోని చోట. షేకీ ఒక దిమ్మెను పక్క గదిలోకి తోసింది. దిమ్మె చోటు మారిందని ఒక వాక్యం రాశాం. మరి మిగతా దిమ్మెలు? తలుపు తెరిచే ఉందా? గోడ రంగు అదేనా? మనకిది వెర్రి ప్రశ్న. తర్కానికి మాత్రం, చెప్పనిది తెలియదు. మారనివన్నీ మారలేదని పని పనికీ చెప్పాలి. పది పనులు, వంద సంగతులు ఉంటే దాదాపు వెయ్యి వాక్యాలు. మెకార్తీ, పాట్రిక్ హేస్ 1969లో దీనికి ‘ఫ్రేమ్ సమస్య’ అని పేరు పెట్టారు.

1971లో షేకీ బృందానికే చెందిన రిచర్డ్ ఫైక్స్, నిల్స్ నిల్సన్ ఇచ్చిన జవాబు పేరు ‘స్ట్రిప్స్’. ప్రతి పనికీ మూడు చిట్టాలు. పని మొదలుపెట్టాలంటే ఏవి నిజమై ఉండాలన్నది మొదటిది. పని ముగిశాక ఏయే వాక్యాలు కొట్టెయ్యాలన్నది రెండోది, ఏవి కొత్తగా చేర్చాలన్నది మూడోది. చిట్టాకెక్కనిది ఏదైనా యథాతథం. అంతే, వెయ్యి వాక్యాల బెడద పోయింది. ఒక స్థితిలో ఏది నిజమో తేల్చడం తర్కానికి వదిలేసి, ఒక స్థితి నుంచి మరో స్థితికి దారి వెతకడాన్ని దాన్నుంచి విడదీశారు. లక్ష్యానికీ ఉన్న స్థితికీ తేడా ఏమిటో చూడటం, ఆ తేడా తగ్గించే పని ఎంచడం, దాని షరతులనే చిన్న లక్ష్యాలుగా పెట్టుకోవడం. ఈ వెతుకులాట తీరును పరిశోధకులు న్యూవెల్, సైమన్‌ల పాత ప్రోగ్రాము నుంచి తీసుకున్నారు.

చెప్పనిది మారదన్న నమ్మకం, లోకంలో షేకీ ఒక్కటే కదులుతున్నంతవరకే చెల్లుతుంది. ఎవరో వచ్చి దిమ్మె జరిపేస్తే? ఆ సంగతి ఆ బృందానికీ తెలుసు. అందుకే ‘ప్లానెక్స్’ అనే మరో ప్రోగ్రాము అనుకున్నదీ జరిగిందీ పోల్చి చూసుకుంటూ, అవసరమైతే మధ్యలోంచే పని అందుకునేది.

మరో లోపం మాత్రం మొండిది. క అనే దిమ్మె మీద గ ఉంది, ఖ పక్కన విడిగా ఉంది. ఖ మీద క, గ మీద ఖ ఉండాలి. ముందు ఖ మీద క పెడితే, ఖను కదపడానికి మళ్లీ కను దించాలి. ముందు గ మీద ఖ పెడితే క అడుగున ఇరుక్కుపోతుంది. లక్ష్యాలను ఒకదాని తర్వాత ఒకటిగా తీర్చే ప్రోగ్రాములన్నీ ఇక్కడ బోల్తాపడ్డాయి. ఎంఐటీకి చెందిన సస్‌మన్ పేరుతో ఈ చిక్కు పాఠ్యపుస్తకాలకెక్కింది. తర్వాతి కాలపు పరిశోధనలో మంచి భాగం దీన్ని విప్పడానికే పోయింది.

1972లో షేకీ పథకం ముగిసింది. చిట్టాలు మాత్రం బతికాయి. 1998లో ప్రణాళికా పోటీల కోసం రూపొందిన భాష పీడీడీఎల్‌కు మూలం అవే. 2005 నాటి ‘ఫియర్’ వీడియో గేములో శత్రు సైనికులు ఎత్తులు వేసేదీ ఆ పద్ధతి మీదే.

ఇప్పుడు అందరి నోటా ఉన్నవి చాట్‌బాట్లను నడిపే భాషా నమూనాలు. అరిజోనా స్టేట్ యూనివర్సిటీ ప్రొఫెసర్ కంభంపాటి సుబ్బారావు బృందం వాటికి ఈ దిమ్మెల లెక్కలే ఇచ్చి చూసింది. తర్కం అదే ఉంచి, పనుల పేర్లూ వస్తువుల పేర్లూ మార్చేసరికి ఆ నమూనాల ఫలితాలు దారుణంగా పడిపోయాయి. చిట్టాలతో నడిచే పాత తరహా ప్రోగ్రాములకు పేరేదైనా ఒకటే. తప్పు జరిగితే ప్రాణం మీదికి వచ్చే పనుల్లో నా ఓటు ఇప్పటికీ వాటికే.