విమానానికి 500, కారుకు 620 ఎందుకు?

హైదరాబాద్ నుంచి విశాఖపట్నం ఎంత దూరం? ఆకాశంలో గీత గీస్తే సుమారు 500 కిలోమీటర్లు. విజయవాడ మీదుగా రోడ్డున వెళ్తే 620 దాటుతుంది!

విశాఖ దాదాపు నేరుగా తూర్పున ఉంది. రోడ్డేమో ముందు ఆగ్నేయంగా విజయవాడకు దిగి, అక్కడ కృష్ణ దాటకుండానే ఈశాన్యానికి మళ్లుతుంది. దారిలో రాజమహేంద్రవరం దగ్గర గోదావరి దాటాలి. అంతటి నదికి ఎక్కడపడితే అక్కడ వంతెన ఉండదు కదా! ఊళ్లను, వంతెనలను కలుపుకుంటూ పోతుంది కాబట్టే రోడ్డుకు ఇన్ని మలుపులు.

కారులో పది పన్నెండు గంటలు పడుతుంది.

మరి గంటకు 800 కిలోమీటర్ల వేగంతో పోయే విమానం 40 నిమిషాల్లో చేరాలిగా? చేరదు, గంట దాటుతుంది. రన్‌వే దాకా మెల్లగా నడవాలి, పైకెక్కాలి, దిగేముందు వేగం తగ్గించాలి. పూర్తి వేగం మధ్యలో కాసేపే.