తెల్ల పట్టీ మీద నాచారం

“ఉప్పల్‌లో మ్యాచ్ రోజు జెండాల సందడి. ముఖచిత్ర కథనం. బుధవారం రాత్రికి పేజీలు వెళ్లిపోవాలి.” ఎడిటర్ గారి ఆదేశం ఇంతే. రంగులు ఎక్కువ, రాత తక్కువ ఉండే పని కదా అని సంతోషంగానే ఒప్పుకున్నాను. ముఖచిత్రానికి ఆయన ముందే ఒక ఫొటో ఎంచి పెట్టారు. స్టేడియంలో ఫ్లడ్‌లైట్ల కింద నలుగురు కుర్రాళ్లు నాలుగు కొసలూ పట్టుకుని దుప్పటంత జెండా చాపారు. తెల్ల పట్టీ మీద చక్రానికి ఇటు ‘నాచారం’, అటు ‘హెచ్‌ఎంటీ నగర్’ అని నల్ల మార్కర్‌తో లావుపాటి అక్షరాలు. రాసినవాడెవడో గానీ చెయ్యి తిరిగినవాడే. చక్రం మీదికి ఒక్క గీత కూడా పోలేదు.

ఫొటోకి వంక పెట్టడానికి లేదు. వంక చట్టం పెడుతోంది.

జాతీయ గౌరవ అవమానాల నిరోధక చట్టం 1971లో వచ్చింది. 2003లో, 2005లో సవరణలు జరిగాయి. జెండాను అవమానించడమంటే ఏమేమిటో దాని రెండో సెక్షన్‌లో వరసగా ఉంది. జెండా మీద ఏ రకమైన రాతా రాయకూడదన్నది అందులో ఒకటి. ఊరి పేరైనా, నాయకుడి పేరైనా, “జై హింద్” అయినా అంతే. శిక్ష మూడేళ్ల దాకా జైలు, లేదా జరిమానా, లేదా రెండూ. అలా నేను రాయాల్సిన జెండాల సందడి పక్కకి పోయి, ఈ చట్టమూ దాని తోడబుట్టిన జెండా నియమావళీ నన్ను పట్టుకున్నాయి.

ఈ రెండూ చేతపట్టుకుని మ్యాచ్ రోజు ఉప్పల్ రింగ్ రోడ్డు నుంచి స్టేడియం గేటు దాకా నడిచి చూడండి. బండి ట్యాంకు మీద జెండా పరిచి పైన కూర్చున్నవాడొకడు. కారు బానెట్‌కి అంచులు బిగించి కట్టినవాడొకడు. వాహనాల పైకప్పుకీ పక్కలకీ వెనక భాగానికీ జెండా కప్పకూడదని నియమావళి స్పష్టంగా చెబుతుంది. మూడు రంగుల చేతిరుమాలుతో చెమట తుడుచుకుంటున్నాయన తనకు తెలియకుండానే చట్టంలోని ఇంకో మాటకు అడ్డంగా దొరికిపోయాడు: చేతిరుమాళ్లు, దిండ్లు, న్యాప్‌కిన్లు, లోదుస్తుల మీద జెండా అచ్చువేయడం, కుట్టడం నిషిద్ధం. నడుముకి కింద ఏ రూపంలోనూ కట్టుకోకూడదు. భుజాల మీద కప్పుకున్న వాళ్లయితే లెక్కకే అందరు. దాన్ని చట్టం వద్దన్న ‘కప్పడం’ కింద జమకట్టాలా వద్దా అన్నది వకీళ్లు తేల్చాల్సిన సంగతి. గేటు దాకా చేరేసరికి, అక్షరం అక్షరం పట్టుకుంటే, క్యూలో సగం మంది ముద్దాయిలే.

అయినా ఎవరినీ ఎవరూ పట్టుకోరు. గేటు దగ్గర తనిఖీ అంతా వేరే వాటి కోసం. పెన్నులు, నాణేలు, లైటర్లు, హెల్మెట్లు, నీళ్ల సీసాలు వద్దంటారు. జెండాకున్న కర్ర బయటే ఉండిపోవాలి, గుడ్డ మాత్రం లోపలికి వెళ్తుంది. పెన్నుకే ప్రవేశం లేదంటే అర్థమేమిటి? తెల్ల పట్టీ మీది ‘నాచారం’ స్టాండ్‌లో కూర్చుని ఊపులో గీకింది కాదు. ఇంట్లో నేల మీద పరిచి, పెన్సిల్‌తో కొలతలు వేసుకుని, సావధానంగా దిద్దిన పని.

ఆ పని మీద నాకు కోపం రాదు. నిజం చెప్పాలంటే ముచ్చటగానే ఉంటుంది. మ్యాచ్ పేరు చెప్పి హబ్సిగూడ నుంచి ఉప్పల్ దాకా ట్రాఫిక్ మళ్లిస్తే సందుల్లో ఇరుక్కునేది నాచారం, రామంతాపూర్, మల్లాపూర్ జనమే. ఫ్లడ్‌లైట్ల వెలుగు పడేది వాళ్ల డాబాల మీదే. టికెట్ల దగ్గరికొచ్చేసరికి మాత్రం అందరితోపాటు ఆన్‌లైన్లో పోటీ పడాల్సిందే. అంత అవస్థ పడి లోపలికి వచ్చినవాడు, టీవీ కెమెరా ఇటు తిరిగిన రెండు సెకన్లలో దేశం పక్కన తన బస్తీ పేరు కూడా కనపడాలనుకుంటే, దాన్ని అవమానం అనడానికి నాకు నోరు రాదు. ఫ్యాక్టరీల పేరుతోనో, ఎన్టీఆర్ కట్టిన రామకృష్ణ స్టూడియో పేరుతోనో తప్ప నాచారం పేరు బయటివాళ్లకు ఎక్కడ వినిపిస్తుంది?

ఉద్దేశం ముఖ్యమని న్యాయస్థానాలు అనకపోలేదు. 2013 క్రిస్మస్‌కి కోయంబత్తూరులో త్రివర్ణ కేకు కోసిన వ్యవహారంలో, అది జెండాకు అవమానం కాదని మద్రాసు హైకోర్టు 2021 మార్చిలో తేల్చింది. కానీ కేకు సంగతి చట్టంలో పేరు పెట్టి లేదు, అక్షరాల సంగతి ఉంది. అందుకే ఆ ఫొటో ముఖచిత్రంగా వద్దని నేనే చెప్పాను. ఎడిటర్ గారు కొంచెం నొచ్చుకున్నారు.

జెండా చరిత్ర కూడా రాయమన్నారు కాబట్టి, ఉన్న చోటులో చెప్పేస్తాను. బందరు దగ్గరి భట్లపెనుమర్రులో పుట్టిన పింగళి వెంకయ్య 1921లో బెజవాడ కాంగ్రెస్ సమావేశాల్లో గాంధీజీకి తన నమూనా చూపించారు. 1947 జూలై 22న రాజ్యాంగ సభ నేటి రూపాన్ని ఆమోదించింది. ఆ ఆగస్టు 15న దేశమంతా ఎగిరిన జెండాను నిజాం సంస్థానంలో ఎగరేసినందుకు స్వామి రామానంద తీర్థ వంటివాళ్లు అరెస్టయ్యారు. అంటే ఇదే హైదరాబాద్‌లో ఈ గుడ్డ పట్టుకోవడమే ఒకప్పుడు నేరం. 2002 జనవరి 26 నుంచి కొత్త నియమావళి వచ్చి మామూలు పౌరుడు ఏ రోజైనా జెండా ఎగరేయవచ్చంది. నవీన్ జిందాల్ కేసులో 2004 జనవరి 23న సుప్రీంకోర్టు, గౌరవంగా ఎగరేయడం భావప్రకటన స్వేచ్ఛలో భాగమేనంది. చరిత్ర అయిపోయింది.

స్టేడియం ముందు, నియమం వెనక

నాకు బాగా రుచించింది దీని తర్వాతి కథ. ఉప్పల్ స్టేడియంలో మొదటి అంతర్జాతీయ వన్డే 2005 నవంబర్ 16న, దక్షిణాఫ్రికాతో జరిగింది. ఆనాటికి నియమావళి ప్రకారం జెండా అంటే చేత్తో వడికి, చేత్తో నేసిన ఖాదీ. నూలు, ఉన్ని, పట్టు ఏదైనా ఖాదీయే కావాలి. స్టేడియం బయట చేతుల నిండా వేలాడేసుకుని “అన్నా, జెండా! భయ్యా, ఝండా!” అని రెండు భాషల్లో కేకలేస్తూ అమ్మేదేమో పాలిస్టర్. మరలో నేసి, మరలో అచ్చుకొట్టిన సరుకు. పాలిస్టర్‌కీ మర నేతకీ అనుమతినిస్తూ నియమావళిని మార్చింది 2021 డిసెంబర్ 30న. అంటే పదహారేళ్ల పాటు ఉప్పల్‌లో ఊగిన జెండాల్లో చాలావాటికి కాగితాల మీద జెండా హోదాయే లేదు!

వేళ సంగతీ అంతే. బహిరంగంగా ఎగరేసే జెండా సూర్యోదయం నుంచి సూర్యాస్తమయం వరకే ఉండాలన్నది పాత పద్ధతి. ఇళ్ల మీదా ఆరుబయటా రాత్రి కూడా ఎగరనివ్వవచ్చని సవరించింది 2022 జూలైలో, ఇంటింటా జెండా ఉద్యమానికి కాస్త ముందు. మరి 2009 నవంబర్ 5న? ఆస్ట్రేలియా మీద 351 పరుగుల లక్ష్యం వెనక పరిగెడుతూ సచిన్ 175 కొట్టిన రాత్రి అది. ఆయన ఔటయ్యాక మనవాళ్లు మూడు పరుగుల తేడాతో ఓడిపోయారు. సూర్యుడు ఎప్పుడు కుంకాడో ఆ రోజు స్టాండ్‌లో ఎవరికీ పట్టలేదు. చేత్తో ఊపడం, ఎగరేయడం ఒకటేనా అని అడ్డు ప్రశ్న వేయవచ్చు. వేయండి.

జనం ముందు నడుస్తారు, నియమం మెల్లగా వెనకాల వస్తుంది. ఉప్పల్‌లో జరిగింది అచ్చంగా ఇదే. అక్షరాల విషయంలో కూడా రేపు అలాగే జరుగుతుందా? నాకు నమ్మకం లేదు. బట్ట మారితే జెండా మారదు గానీ, రాతకు చోటిస్తే మొదట వచ్చేది నాచారం కాదు, వ్యాపార ప్రకటన.

పెట్టెలో: ఉప్పల్ పద్దు

కథనంలో చోటు దొరకని క్రికెట్ అంతా ఇక్కడ. 2005 నాటి తొలి వన్డేలో యువరాజ్ 103 చేసినా గెలిచింది దక్షిణాఫ్రికా. 2010 నవంబర్‌లో న్యూజిలాండ్‌తో తొలి టెస్టు డ్రా అయింది, హర్భజన్ సెంచరీ కొట్టాడు. 2023 జనవరి 18న శుభ్‌మన్ గిల్ 208. 2024 దసరా రాత్రి బంగ్లాదేశ్ మీద సంజూ శాంసన్ 47 బంతుల్లో 111, జట్టు 6 వికెట్లకు 297. 2023 ప్రపంచకప్‌లో భారత్ మ్యాచ్ ఒక్కటీ ఇక్కడ పడలేదు. అక్టోబర్ 10న శ్రీలంక మీద 345 ఛేదించిన పాకిస్తాన్‌కి ఉప్పల్ జనం చప్పట్లు కొడితే, రావల్పిండిలో ఆడినట్టుందని వాళ్ల ఆటగాడు రిజ్వాన్ అన్నాడు. దేశభక్తిని జెండా సైజుతో కొలిచేవాళ్లు ఆ సాయంత్రాన్ని కూడా లెక్కలో వేసుకోవాలి. వేసవిలో ఐపీఎల్ వస్తే అదే ఫుట్‌పాత్ మీద సన్‌రైజర్స్ కాషాయ జెండాలు ఊగుతాయి.

ఇక గణతంత్ర దినం రోజున ఉప్పల్‌లో టెస్టు మ్యాచ్ ఆడటం 2024లో జరిగింది. ఇంగ్లండ్‌తో మ్యాచ్ జనవరి 25న మొదలైంది, రెండో రోజే 26. సాయుధ దళాల వాళ్లకు ఆ రోజు ఉచిత ప్రవేశమని హైదరాబాద్ క్రికెట్ సంఘం (హెచ్‌సీఏ) ప్రకటించింది. పొద్దున ఒక వికెట్‌కి 119 దగ్గర మొదలుపెట్టి, సాయంత్రానికి ఏడు వికెట్లకు 421 దాకా రోజంతా మనవాళ్లే బ్యాటింగ్ చేశారు. జెండా పట్టుకున్నవాడికి అంతకన్నా పండగ ఏముంటుంది? తర్వాత ఒలీ పోప్ 196 కొట్టాడు, హార్ట్‌లీ ఏడు వికెట్లు తీశాడు, నాలుగో రోజు మనం 28 పరుగుల తేడాతో ఓడిపోయాం.

జెండా మర్యాద దగ్గర పట్టుపడేది నాచారం కుర్రాళ్లే కాదు, పెద్దవాళ్లూ పడ్డారు. 2008లో పెర్త్‌లో హాప్‌మన్ కప్ చూస్తూ బల్ల మీద కాళ్లు చాపి కూర్చున్న సానియా మీర్జా ఫొటోలో, పాదాల దగ్గర జెండా కనిపించిందని భోపాల్‌లో ఒకాయన కోర్టుకెక్కాడు. కెమెరా కోణం తెచ్చిన తంటా తప్ప మరొకటి కాదు అది. మన హైదరాబాద్ అమ్మాయి ఆటే మానేద్దామా అనుకునేంత దూరం వెళ్లింది. 2024 జూన్ 29న బార్బడోస్‌లో టీ20 ప్రపంచకప్ గెలిచాక రోహిత్ శర్మ మైదానంలో జెండా పాతాడు. ఆ ఫొటో తన ప్రొఫైల్‌కి పెట్టుకుంటే, గుడ్డ అంచు నేలకి తగిలిందని సోషల్ మీడియాలో తగులుకున్నారు. చట్టంలో ‘ఉద్దేశపూర్వకంగా’ అన్న ఒక్క మాట ఉండబట్టి సరిపోయింది.

పెట్టెలో: ఐఎస్ 1

భారత ప్రమాణాల్లో ఒకటో నంబర్ మన జెండాదే: ఐఎస్ 1. పొడవు, ఎత్తు 3:2 నిష్పత్తిలో ఉండాలి. నియమావళిలో తొమ్మిది సైజులున్నాయి. అతి పెద్దది 6,300 మి.మీ. పొడవు, 4,200 మి.మీ. ఎత్తు, అతి చిన్నది 150, 100. చక్రం ముదురు నీలం, ఆకులు 24. కొనేటప్పుడు ఆకులు లెక్కపెట్టండి. ఫుట్‌పాత్ సరుకులో ఒకటి అరా తగ్గుతుంటాయి.

ఇక నిజంగా నాకు కోపం వచ్చేది ఎక్కడో చెబుతాను. మ్యాచ్ అయిపోయిన అరగంటకు, స్టేడియం మెట్రో స్టేషన్ మెట్ల కింద. ఓడిపోయామా, మరీ ఘోరం. ఆట మొదలవకముందు బేరమాడి కొన్న జెండా చెప్పుల కింద పడి ఉంటుంది. మీద ఎవరూ ఏమీ రాయలేదు, చక్కటి జెండా, కొత్తది. తెల్ల పట్టీ మీద ఊరి పేరు రాసుకున్నవాడు దాన్ని పారేసి పోడు. అది అతని పేరు కదా.

విచిత్రమేమిటంటే, నియమావళిలో ఆటల పోటీల గురించి ప్రత్యేకంగా ఉన్న మాట సరిగ్గా దీని గురించే. పారా 2.2లోని పదో అంశం అది. ముఖ్యమైన జాతీయ, సాంస్కృతిక, క్రీడా సందర్భాల్లో ప్రజలు కాగితపు జెండాలు ఊపవచ్చు. అయిపోయాక వాటిని నేల మీద పారేయకూడదు. గౌరవం చెడకుండా, నలుగురి కంటా పడకుండా పారవేయాలి. పంద్రాగస్టుకీ గణతంత్ర దినానికీ ముందు కేంద్ర హోం శాఖ రాష్ట్రాలకు ఇదే మాట మళ్లీ మళ్లీ గుర్తు చేస్తుంటుంది. ఉప్పల్‌లో కాగితపు జెండా మచ్చుకి కూడా దొరకదు. ప్లాస్టిక్ జెండాలనయితే 2022 జూలై 1 నుంచి, ఒకసారి వాడి పారేసే ప్లాస్టిక్ వస్తువుల జాబితాలో చేర్చి నిషేధించారు. మిగిలింది పాలిస్టర్. వానకు నానదు, మట్టిలో కలవదు, మున్సిపల్ చీపురుకి చెత్తతోపాటు పోతుంది.

కాబట్టి నాచారం తమ్ముళ్లూ, మీకొక మాట. బస్తీ పేరు చొక్కా మీద రాయించుకోండి, బుగ్గల మీద రాసుకోండి, కెమెరాకి అదీ బాగానే కనపడుతుంది. జెండా మీద మాత్రం వద్దు. మ్యాచ్ ఎటుపోయినా మడిచి జేబులో పెట్టుకుని ఇంటికి తీసుకెళ్లండి. పంద్రాగస్టుకి అదే పనికొస్తుంది.