తానై సిద్ధమగు సర్వరు, త్రోవ తప్పు చోట్లు

రేడియో పెట్టె పలుకనిచో ఇంటివారు వెంటనే దానిని విప్పరు. విద్యుత్తు వచ్చుచున్నదా, ఏరియలు తీగ తగిలియున్నదా, ప్రసారమే ఆగినదా అని వరుసగా విచారింతురు. మేమిప్పుడు చెప్పబోవు విషయమునకును ఆ వరుసయే ఆధారము.

మీర్‌పేట్ పరిసరములనుండి ఎందరో యువతీయువకులు ఆదిభట్లకో, హైటెక్ సిటీకో కంప్యూటరు ఉద్యోగములకు పోవుచున్నారు. 1998లో సైబర్ టవర్స్ ప్రారంభమైన నాటినుండి హైదరాబాదున ఈ వృత్తి పెరుగుచు వచ్చినది. 2022 నవంబరులో అమెజాన్ సంస్థ తన క్లౌడ్ కేంద్రములను ఈ ప్రాంతమున తెరచినది. ఇట్టి కేంద్రములలో సర్వర్లు వేలకొలదిగా నుండును. ఒక్కొక్కదాని ముందు కూర్చుండి లినక్స్‌ను ఎక్కించుట మనుష్యులకు అయ్యెడి పని కాదు గనుక, యంత్రము తనంత తానే ఎక్కించుకొనునట్లు ఏర్పాటు చేయుదురు. అర్ధరాత్రి ఆ ఏర్పాటు చెడినచో ఇంట అన్నము చల్లారుటయే గాని పిల్లవాడు ఇల్లు చేరడు. అది ఎందులకు చెడునో ఇంటివారును తెలిసికొనవలదా?

విద్యుత్తు అందగానే సర్వరులోని నెట్‌వర్కు కార్డు “నా చిరునామా ఏది?” అని అందరికి వినబడునట్లు కేక వేయును. 1993లో వెలువడిన డీహెచ్‌సీపీ అను నియమావళి ననుసరించి మరియొక యంత్రము దానికి చిరునామా నిచ్చి, ఏ ఫైలుతో మొదలిడవలెనో తెలుపును. పిమ్మట లినక్స్ కర్నెలు లేచి, జవాబుల పత్రమును తెచ్చుకొనును. ఈ పత్రమును రెడ్ హ్యాట్‌లో కిక్‌స్టార్టు అనియు, డెబియన్‌లో ప్రీసీడ్ అనియు అందురు.

ఇందొక మెలిక కలదు. చిరునామాను అడుగుట ఒక్కసారితో తీరదు. మొదట కార్డు అడుగును. తరువాత స్థాపన కార్యక్రమము అడుగును. తుదకు క్రొత్త లినక్స్ అడుగును. మొదట దొరికినది మరల దొరకునను నమ్మకము లేదు.

కారణము తరచుగా స్విచ్చులో నుండును. తీగ తగిలినంతనే అది దారి వదలదు. తీగలు వలయముగా చుట్టుకొన్నవేమో యని, స్పానింగ్ ట్రీ అను పాత పద్ధతిలో 15 సెకన్లు ఆలకించి, మరి 15 సెకన్లు నేర్చుకొనును. కర్నెలు లేచునపుడు కార్డు ఒకసారి ఆగి మరల మొదలగును గనుక ఆ లెక్కయు మొదటికి వచ్చును. ఆ 30 సెకన్లు సర్వరు వేయు కేకలు చెవిటివాని ముందు శంఖమూదినట్లే. దీపము వెలుగుచునే యుండును, చిరునామా మాత్రము రాదు. సర్వర్లు తగిలించు ద్వారములు వెంటనే తెరచుకొనునట్లు స్విచ్చును అమర్చుట మేలు. లేనిచో స్థాపన కార్యక్రమము ఎదురుచూచు గడువును పెంచవలెను.

రెండవది పేర్ల చిక్కు. పూర్వము మొదటి కార్డు పేరు ‘ఈటీహెచ్0’. 2013 నుండి కార్డు అమర్చిన స్థానమును బట్టి ‘ఈఎన్‌పీ3ఎస్0’ వంటి పేర్లు వాడుకలోనికి వచ్చినవి. పత్రములో పాత పేరున్నచో యంత్రము లేని కార్డును వెదకును. పేరునకు బదులు కార్డు హార్డ్‌వేరు చిరునామాను వ్రాయుట మా దృష్టిలో క్షేమము.

డెబియన్‌తో మరియొక తమాషా. నెట్‌వర్కు వివరములను ప్రీసీడ్ పత్రములో వ్రాసి, ఆ పత్రమును నెట్‌వర్కు మీదనే తెప్పించుట పెట్టె తాళపుచెవిని పెట్టెలోనే ఉంచి తాళము వేసినట్లు. అవి కర్నెలు ఆజ్ఞలోనే ఉండవలెను.

ఎవరో ఇంటి రూటరును తెచ్చి ఆ తీగకే తగిలించినచో, అదియు చిరునామాలు పంచసాగును. చిరునామా వచ్చును, ఫైలు దొరకదు!

కావున ఊరక పదిమార్లు ఆపి వేయుటకంటె లాగ్‌లు చదువుట మంచిది. డీహెచ్‌సీపీ లాగ్‌లో కేక కనబడనిచో తీగను, స్విచ్చును చూడవలెను. జవాబు పోయియుండి ఫైలు అడుగనిచో, ఆ జవాబు చేరినదా, అందు ఫైలు పేరు సరిగానున్నదా యని చూడవలెను. పత్రమును అడిగియు “లేదు” అనిపించుకొన్నచో నెట్‌వర్కు దోషము కాదు, పత్రముంచిన చోటు తప్పు. డెబియన్ స్థాపన నడుచుచుండగా ఆల్ట్, ఎఫ్4 మీటలను కలిపి నొక్కినచో ఆ యంత్రపు లాగ్ తెరపైననే కనబడును.

చిక్కు విడిన పిదప అసలు జాగ్రత్త వలయును. నెట్‌వర్కునుండియే మొదట లేవవలెనని అమర్చిన సర్వరు, స్థాపన ముగిసి తిరిగి లేచినపుడు మరల మొదటినుండి స్థాపనకు దిగి డిస్కును తుడిచివేయగలదు. నిండు లెక్కలున్న పాత సర్వరు ఏ కారణముననో ఆగి లేచినను అదే గతి పట్టవచ్చును. అందుచే అనుభవజ్ఞులు జవాబుల పత్రమును ఒక్కొక్క కార్డు చిరునామాకు విడివిడిగా ముడివేసి, పని కాగానే ఆ ముడి విప్పి, ఇకపై సొంత డిస్కునుండియే లేవవలసినదిగా మార్చి గాని ఇంటిదారి పట్టరు.